మరియదాసు కుట్టిన ఆరుకాళ్ళ బుంగడు

ఏటి మెర్లిన్ తల్లీ, కుట్టిన బొమ్మని అలా తిప్పి తిప్పి చూస్తన్నావు? కాళ్ళు సన్నగా వచ్చినాయా? రావా మరి! గీసినంతే కోసీసుంటావు. నవ్వకు. మీ తాత కూడా ఇంచుమించు ఈ తప్పే చేసినాడు. కూకో, చెప్తాను. హిందీలోనా? పోమ్మా, మరియదాసు ముచ్చట హిందీలో చెప్తే నాకే రుచించదు. తెలీని మాటొస్తే ఆపు.

నువ్వు మీ తాతని చూళ్ళేదు కదా. రిసాలీలో పక్కపక్క క్వార్టర్లు మావి, స్టీల్ ప్లాంటులో ప్యాటర్న్ షాపులో పని. ఇనుము పోతపోసే ముందు అదే ఆకారం చెక్కతో చెయ్యాలి, ఆ చెక్కపని మాది. నాకు పని నేర్పింది ఆయనే. మరియదాసు భయ్యా అనీవాణ్ణి. కోపిష్టి మనిషి, వెంట్రుకంత తేడా ఉంటే చెక్క తీసి అవతల పారీసీవాడు. అలాటోడికి మీ అమ్మ డైసీ అంటే ప్రాణం. దానికి ఆరేళ్ళప్పుడు గుండెకి ఆపరేషను చెయ్యాలన్నారు, మద్రాసులో. పిల్ల ససేమిరా రానంది. మంచంకోడు పట్టుకుని ఒకటే ఏడుపు. ఆఖరికి ఏటందంటే, "బుంగడు వస్తే వస్తాను." బుంగడెవడే తల్లీ అంటే, అదో జంతువంట! దాని బుర్రలోనే ఉంది. ఆకుపచ్చ బొచ్చు, బానంత పొట్ట, ఆరు కాళ్ళు, వీపు మీద ఓ కన్ను. అక్కడ కన్నెందుకే? "సూదోళ్ళు ఎనకనుంచి వస్తారు నాన్నా" అందంట. మరియదాసు నవ్వలేదు. కాయితం తీసి, ఏ కాలు ఎక్కడో అడిగి గీసుకున్నాడు. "పదిరోజుల్లో బండి. ఈలోగా వాణ్ణి తెస్తాను" అని మాటిచ్చీసినాడు.

మీ అమ్మమ్మ ఫ్లోరా, "ఇలాగివ్వండి, గంటలో కుట్టీస్తాను" అంది. "నువ్వు కుడితే కుక్కపిల్లైపోతాది. నేనే చెయ్యాల" అన్నాడు. సూదిలో దారం ఎక్కించడం రాదు మనిషికి! పాత బొచ్చు దుప్పటి కోసినాడు. దేంతో కొలిచినాడో తెలుసా? షాపులో స్కేలుతో. కాగిన ఇనుము చల్లారితే ముడుచుకుంటాది కదా, అందుకని మా స్కేలు మీద ప్రతి కొలతా పిసరంత పెద్దగా ఉంటాది. గుడ్డకీ అంతే వదిలినాడు! దూది కూరేసరికి పొట్ట ఉబ్బి, గుడ్డంతా లోపలికి లాక్కుని, కాళ్ళు బెండకాయల్లా అయిపోనాయి. డైసీ చూసి చూసి, "వీడు బుంగడు కాదు నాన్నా. వాడి తమ్ముడు" అంది. ఇంకో మనిషైతే ఓ మొట్టికాయ వేసీవాడు. ఈయన కుట్లన్నీ ఇప్పీసినాడు.

రెండోదీ కాదంది. డ్యూటీకొచ్చి నన్ను, "చిట్టీ, గుడ్డ ఎంత ముడుచుకుంటాదిరా?" అని అడుగుతాడు. నాకేటి తెలుసు! లంచ్ టైములో బుల్లి బుల్లి సంచులు కుట్టి, దూది కూరి కొలిచీవాడు. అన్నం డబ్బా మూత తీసీవాడు కాదు. వేళ్ళన్నీ సూది పోట్లు. "మానీ భయ్యా, చిన్నపిల్ల, బండెక్కాక మర్చిపోతాది" అన్నాను. అబ్బో, నా మీద లేచినాడు చూడు! "దాని గుండె కోస్తార్రా. అది అడిగింది ఒక్కటే. అదీ తప్పుగా ఇవ్వమంటావా?" నాకూ ఏడుపొచ్చింది. తొమ్మిదో రోజుకి దారి దొరికింది. అడ్డానికి సగానికి సగం ఎక్కువ వదలాల, పొడుక్కి కొంచెం చాలు. నువ్వూ రాసుకో. మూడో బుంగడు ఆరు కాళ్ళ మీదా లేచి నిలబడ్డాడు. డైసీ వాణ్ణి నాలుగుపక్కలా చూసింది. వెళ్ళి చెప్పులేసుకుంది.

నెల దాటాక వాళ్ళొచ్చే రోజు దుర్గ్ స్టేషనుకి నేనే వెళ్ళాను. డైసీ తండ్రి చెయ్యి పట్టుకుని నడిచొస్తంది. బుంగడు లేడు. "పోగొట్టీసినారా!" అన్నాను, ప్రాణం ఉసూరుమంది. పక్క మంచం మీద పిల్లకి మర్నాడు ఆపరేషనంట, ఏడుస్తంటే డైసీ వాణ్ణి తీసుకెళ్ళి ఇచ్చీసిందంట. తండ్రిని అడగనైనా అడగలేదు. అంత కష్టపడి కుట్టిన మనిషి కదా, నొచ్చుకునుంటాడనుకున్నాను. పెట్టె కింద పెట్టి, ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ ఏడ్చినాడమ్మా. "భయం ఉంటే ఇచ్చీదేటిరా చిట్టీ? నా పిల్లకి భయం పోయిందిరా" అని...

ఊఁ. ఆ కత్తెర ఇలాగియ్యి. ఇంకో గుడ్డ తియ్యి.