దరువు ఆగిన చోట

సాయంత్రం క్లబ్బులో మొదటిసారి తన సంగీతం వినిపించాల్సిన కూతురు ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్‌లో తన పాట పెట్టుకుని కూర్చుంది. పక్కనే తల్లి ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది.

"మధ్యలో ఆగిపోయిందేమే? స్పీకరు గానీ పోయిందా?"

"పోలేదమ్మా. కావాలనే దరువు ఆపాను."

"గెంతడానికొచ్చిన వాళ్ళని అలా నిలబెడితే ఎలా?"

"నిలబడరు, ఊపులో ఉంటారుగా. ఆ కాసేపూ వాళ్ళ అడుగుల చప్పుడు వాళ్ళకే వినబడుతుంది. ముక్కూమొహం తెలియని ఇంతమందిమి ఒకే అడుగు వేస్తున్నామా అని తోచాలి."

"తోచకపోతే?"

"బయటికి పోతారు. డాన్స్ ఫ్లోర్ ఖాళీ అయిందో, మళ్ళీ రావద్దన్నాడు క్లబ్బు ఓనరు. డాన్స్ పాటలో ఆలోచనలేమిటని నవ్వాడు కూడా. తీసెయ్యనా?"

"అతనెప్పుడూ అంట్లు తోమి ఉండడు. నాకు చేతులాడుతుంటేనే బుర్ర పనిచేస్తుంది. మీ నాన్న మీద నేను గెలిచిన వాదనలన్నీ సింకు దగ్గర తయారైనవే."

"నవ్వించకమ్మా. నిజం చెప్పు, ఆగినప్పుడు నీకేమనిపించింది?"

"గుండె జారింది, పాడైపోయిందని. కానీ చేతులు ఆగలేదు. దరువు లేకపోయినా ఆ లెక్కకే మడతలు పెడుతున్నాయి. అప్పుడు తెలిసింది, ఇందాకటి నుంచీ నేను డాన్స్ చేస్తున్నానని."

"నిజంగానా?"

"దుప్పటి మీద ఒట్టు."

"అయితే ఉంచేస్తాను. ఏమైతే అదే అవుతుంది."

"ఉంచు. నేనూ వస్తాను. అందరూ వెళ్ళిపోయినా మధ్యలో నిలబడి నేనొక్కదాన్నే ఊగుతాను."

"అమ్మా, ఇప్పుడు ఇంకా భయమేస్తోంది."