గోడ దాటిన వైరు

తుఫాను వస్తుందని చెప్పిన రోజు మధ్యాహ్నం. ఇంటి వెనక వరండాలో ఇంటావిడ, జనరేటర్ మెకానిక్.

"అది కాదు బాబూ నేనడిగేది. ఇంత పెద్దది మా ఇంటికెందుకూ అని."

"పెద్దదేం కాదమ్మా. మధ్యరకం."

"ఏం మధ్యరకం? మా ఇంట్లో ఉన్నదెంత? ఫ్రిజ్జు, ఫ్యాన్లు, నాలుగు లైట్లు, నీళ్ళ మోటారు. మోటారు ఒక పూట వెయ్యకపోతే ఎవరూ చావరు. దీనికింత బండ కావాలా?"

"ఫ్రిజ్జూ మోటారూ మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ లాగుతాయమ్మా. ఆ దెబ్బ తట్టుకోవాలంటే కాస్త పెద్దదే ఉండాలి."

"తట్టుకున్నాక కూడా మిగులుతుందిగా?"

"కొంచెం మిగులుతుంది."

"ఆ మిగిలింది ఏమవుతుంది?"

"ఏమీ అవదమ్మా. డబ్బాలో పోసి దాచుకునేది కాదుగా."

"నవ్వకు. నేను నవ్వులాటకి అడగట్లేదు."

"సారు వచ్చాక సారునే అడగండి. నేను ఆయిలు మార్చి పోదామని వచ్చాను. సాయంత్రానికి గాలి మొదలవుతుందంటున్నారు, ఇంకా వేరే ఇళ్ళకి వెళ్ళాలి."

"మీ సారు పెట్రోలుకి వెళ్ళారు. ఆయన వచ్చేలోపే నీతో మాట్లాడాలి. ఆయిలు మారుస్తూనే చెప్పు. కొనేటప్పుడు నువ్వూ షాపులో ఉన్నావుగా?"

"ఉన్నాను."

"ఏం కావాలని అడిగారు?"

"చప్పుడు తక్కువుండాలన్నారు. కరెంటు ఎగుడుదిగుడు లేకుండా రావాలన్నారు. నాజూకు మిషన్లకి అలాంటిదే మంచిదమ్మా."

"మా ఇంట్లో నాజూకు మిషనేముంది? మిక్సీ మూత పోతే పళ్ళెం బోర్లించి వాడుతున్నాను."

"టీవీ ఉందిగా."

"అది చెడిపోయి చాలా రోజులైంది. బాగుచేయించమంటే ఇవాళా రేపూ అంటున్నారు. దీనికి మాత్రం ఇవాళా రేపూ లేదు. నువ్వు ఫోనెత్తకపోతే మీ ఇంటికే వచ్చేస్తారట కదా?"

"వస్తారు."

"చూశావా. కళ్ళజోడు తుడుచుకోని మనిషి బాబూ ఈయన. నేను మొహం మీంచి లాక్కుని తుడవాలి. అలాంటి మనిషి ప్రతి ఆదివారం దీన్ని స్టార్ట్ చేసి, పక్కన స్టూలేసుకుని కూర్చుంటారు. అయ్యాక చంటిపిల్లకి స్నానం చేయించినట్టు తుడుస్తారు."

"మంచిదేనమ్మా. కొని మూల పడేస్తే లోపల పెట్రోలు చెడి బంకలా పట్టేస్తుంది. అసలు అవసరానికి తాడు లాగితే పలకదు. అందరూ మీ సారులా చూసుకుంటే నాకు పనే ఉండదు."

"పొగిడింది చాలు. ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తే సరిపోతుందా?"

"సరిపోదు. దాని మీద ఏదో ఒకటి నడవాలి. అప్పుడే బాగుందో లేదో తెలుస్తుంది."

"మరి ఆదివారం ఆయన నడిపేటప్పుడు మా ఇంట్లో లైటు కూడా దీని మీద వెలగదు. మామూలు కరెంటే ఉంటుంది. అప్పుడు దీని మీద నడిచేదేంటి?"

"నా రెంచి ఎక్కడ పెట్టానో..."

"నీ చేతిలోనే ఉంది."

"ఆఁ. ఇదిగో."

"ఇంకోటి. మొదట్లో దీని పొగగొట్టం గోడవైపు ఉండేది. దీన్ని ఇటు తిప్పింది ఎవరు?"

"నేనే తిప్పాను. సారు చెప్పారు. పొగ చాలా చెడ్డదమ్మా, నిద్రలోనే తెలీకుండా మనిషిని పడగొడుతుంది. కిటికీలున్న వైపు అస్సలు ఉండకూడదు."

"ఆ వైపు మా కిటికీలు లేవే. అది పక్కింటివాళ్ళ కిటికీ."

"ఎవరి కిటికీ అయితేనేమమ్మా, మనిషే కదా లోపల."

"నేను బట్టలారేసే తీగ ఇటే ఉంది. నా చీరలన్నీ పెట్రోలు బంకు కంపు కొట్టినా ఫరవాలేదు. ఆవిడగారి కిటికీకి మాత్రం పొగ తగలకూడదు."

"ఏ ఆవిడ?"

"నాటకాలొద్దు. ఆ నర్సు. వేసవిలో దిగింది, నేను మా పెద్దమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు. ఆ వెనక గది కిటికీ ఒక్కరోజూ తెరవలేదు. పలకరిస్తే అవునండీ, కాదండీ, వస్తానండీ. అంతే."

"కొందరంతేనమ్మా. మాటకారులు కారు."

"మీ సారు సాయంత్రం నడకకని వెళ్తారు. మొన్న అంత వాన పడింది కదా, వీధంతా బురద. గంటసేపు నడిచొచ్చిన మనిషి చెప్పులకి చుక్క బురద లేదు. ఎక్కడ నడిచారంటావ్?"

"నాకేం తెలుస్తుందమ్మా."

"ఆ ఇంట్లోంచి మగదగ్గు కూడా వినపడింది. మీ సారుదేమో అనుకున్నాను. ఈయనా దగ్గుతారుగా. లేచి చూస్తే ఈయన మంచం మీదే ఉన్నారు."

"మరింకేం. సారు కాదని తేలిపోయిందిగా."

"ఆ ఒక్క దగ్గు సంగతి తేలింది. మిగతావి తేలొద్దూ? ఇదిగో, ఇదేంటో చెప్పు."

"వైరు ముక్క."

"వైరు ముక్కని నాకూ తెలుసు. తీగమొక్క చాటున గోడ మీదుగా అవతలికి దిగింది. ఆకులు కప్పి ఉన్నాయి. ఎండుకొమ్మ అనుకుని లాగితే నా చేతికొచ్చింది."

"ఇది తెగిందేంటమ్మా?"

"తెగలేదు. కోశాను."

"ఎప్పుడు?"

"పొద్దున. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు. కంగారుపడకు, జనరేటర్ ఆపే ఉంది. ఆ మాత్రం తెలివి నాకుంది."

"ఎంత పని చేశారమ్మా."

"అదిగో. అంటే నీకు తెలుసన్నమాట."

"నాకేం..."

"వేసింది నువ్వే. నేను అన్నం పెడితే తిని, మంచినీళ్ళిస్తే తాగి, నా ఇంట్లోంచే ఆవిడింటికి వైరు లాగావు."

"అమ్మా, మీరూ సారూ మాట్లాడుకోండి. నన్ను మధ్యలోకి లాగకండి. కానీ గాలి మొదలయ్యేలోపు ఈ వైరు పడాలి. నా మాట వినండి."

"ఎందుకంత తొందర? ఒక్క తుఫానుకి ఆవిడ ఫ్యాను లేకుండా పడుకోలేదా?"

"అదిగో, సారొచ్చారు."

"ఏంటి, ఇద్దరూ అలా నిలబడ్డారు? పెట్రోలు దొరికింది. బంకు దగ్గర జాతరలా ఉన్నారు జనం. ఆయిలు పని అయిందా?"

"ఆయిలు అయింది సార్. అమ్మగారు వైరు కోసేశారు."

"ఏ వైరు?"

"ఆ వైరే సార్."

"నీకేమన్నా మతిపోయిందా? ఇవాళా? ఇవాళే దొరికిందా నీకు కొయ్యడానికి?"

"నామీద అరవకండి. అరవాల్సింది నేను."

"అరుద్దువుగాని, తర్వాత తీరిగ్గా అరుద్దువుగాని. ఒరే, ఈ ముక్కలు కలిపి టేపు చుడితే పనిచేస్తుందా?"

"వానలో అతుకు వద్దు సార్. తడి దిగితే షాకు కొడుతుంది. కొత్తది తెస్తాను, కొట్టు మూసేలోపు వెళ్తే."

"అయితే పరిగెత్తు."

"ఆగు బాబూ. నువ్వు గుమ్మం దాటావంటే మళ్ళీ ఈ ఇంటి మొహం చూడక్కర్లేదు. ఏమండీ, ముందు నాకు చెప్పండి. ఆవిడకి మన కరెంటెందుకు?"

"ఆవిడకి కాదే."

"ఆ ఇంట్లో ఉండేది ఆవిడే."

"ఆవిడొక్కతే కాదు. వెనక గదిలో ఒక రోగి ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆక్సిజన్ మిషను మీద ఉంటాడు, పగలూ రాత్రీ. కరెంటు పోతే మిషను ఆగిపోతుంది. చాలా? వాణ్ణి వెళ్ళనీ."

"చాలదు. ఎవరా రోగి?"

"ఉన్నాడులే. ఎవరైతేనేం?"

"ఎవరైతేనేం అనుకునే మనిషైతే నాతో చెప్పే వేసేవారు వైరు. నేను వద్దంటానా? ఊపిరాడని మనిషికి కరెంటివ్వద్దనే రాక్షసిలా కనిపిస్తున్నానా మీకు?"

"లేదు."

"మరెందుకు దాచారు?"

"చెప్పొద్దన్నాడు."

"ఎవరు?"

"అతనే. రోగి."

"ఎవరికీ చెప్పొద్దన్నాడా, నాకు చెప్పొద్దన్నాడా?"

"నీకే."

"నేనెవరో అతనికి తెలుసా?"

"నీ చంకనెక్కి తిరిగినవాడికి నువ్వు తెలియకేం?"

"నా చంకనెక్కి తిరిగినవాడా?"

"అందుకే చెప్పొద్దన్నాడు."

"తమ్ముడా?"

"ఊఁ."

"నాకు తమ్ముడు లేడు. నాన్న పోయిన రోజే చెప్పాను మీకు."

"చెప్పావు."

"నాన్నకి బాగోలేదని నా దగ్గర దాచాడు. చిన్నదాని పురిట్లో ఉన్నాను, తెలిస్తే తల్లడిల్లిపోతానట. వాడే అనేసుకున్నాడు, వాడే దాచేశాడు. నేను వెళ్ళేసరికి మంచం కూడా ఎత్తేశారు."

"నాకు తెలుసు."

"తెలిసీ మళ్ళీ అదే పని చేశారు. వాడు మళ్ళీ దాచాడు. ఈసారి వాడికి మీరు తోడు, మీకు ఈ మెకానిక్కు తోడు."

"చెప్దామని ఎన్నిసార్లు అన్నానో. చెప్తే ఆ మిషను పట్టుకుని ఎటైనా పోతానంటాడు. పోయి ఎక్కడుంటాడు? ఆ నర్సు మంచిది కాబట్టి గది ఇచ్చి చూసుకుంటోంది. నేను సాయంత్రాలు వెళ్ళి కాసేపు కూర్చుంటున్నాను. అదీ నా నడక."

"నాకు చెప్పకూడదనుకున్నవాడు నా గోడ పక్కకే ఎందుకొచ్చాడు? ఊళ్ళో ఇంకెక్కడా గదుల్లేవా?"

"అదిప్పుడెందుకులే."

"అడుగుతున్నానా."

"నీ గొంతు వినపడుతుందని."

"నా గొంతా?"

"పొద్దున్నే పాలవాడి మీదా, పనమ్మాయి మీదా, నా మీదా అరుస్తావుగా. అది వింటే ఆ రోజుకి చాలంటాడు. నువ్వు ఊరెళ్ళిన నాడు వాడికి తిండి సయించదట."

"నేను అరవను."

"సరే."

"గట్టిగా మాట్లాడతాను. అంతే."

"సరే."

"ఎంత బాగోలేదు?"

"మిషను ఉంటే కూర్చుంటాడు, మాట్లాడతాడు. లేకపోతే నాలుగు మాటలు కూడా కష్టం."

"ఇప్పుడు కరెంటు పోతే?"

"సిలిండరు ఒకటుంది. కాసేపొస్తుంది. తుఫాను కాసేపట్లో పోదుగా. పోయినసారి రాత్రంతా జనరేటర్ మీదే నడిచింది. నువ్వు నిద్రపోయావు."

"నేను నిద్రపోయాను."

"నీకెలా తెలుస్తుంది? చప్పుడు లేనిది కొన్నది అందుకేగా."

"నన్ను లేపాల్సింది. తిట్టేదాన్ని, కొట్టేదాన్ని, ఏదో ఒకటి చేసేదాన్ని. లేపాల్సింది."

"సార్, ఆకాశం నల్లబడిపోయింది. ఇంక కొట్టు మూసేస్తాడు. ఎంత పొడుగు తెమ్మంటారో అదన్నా చెప్పండి."

"పాతదెంతో అంతే తీసుకురా. వాడి కిటికీ దాకా వస్తే చాలు."

"కిటికీ దాకా తెస్తే ఏం లాభం? వాడికి ఉరుమంటే భయం, తుఫానొస్తే మంచం గుమ్మం దగ్గరికి లాక్కుని పడుకుంటాడు. బాబూ, గుమ్మం దాకా వచ్చేట్టు తీసుకురా."