మా అక్క వేలు

ఏంటమ్మడూ, ముఖం అలా ముడుచుకుని వచ్చావు? క్లబ్బులో ఎవరైనా ఏమైనా అన్నారా? ఓహో, అదా సంగతి! ఇవాళ కూడా రైఫిల్ పేల్చనివ్వలేదా? ఎలా పేల్చనిస్తారే, నిన్న గాక మొన్న చేరావు. కూర్చో. ఆ కుర్చీ కాదు, దానికో కాలు పొట్టి, బాగుచేస్తానని నేనే పక్కన పెట్టి మర్చిపోయాను. ఇలా మంచం మీద కూర్చో. ఏమన్నావు? బోల్టు వెనక్కి లాగు, వేలు పెట్టి చూడు, ఖాళీ అని గట్టిగా చెప్పు, పక్కవాళ్ళకివ్వు. వాళ్ళు మళ్ళీ వేలు పెట్టాలి, ఖాళీ అనాలి, మళ్ళీ నీకివ్వాలి, నువ్వు మళ్ళీ వేలు పెట్టాలి. పొద్దున్నుంచీ ఇదేనా? మరేం చేయిస్తారనుకున్నావు, టపాకాయలు కాల్పిస్తారనుకున్నావా? ఆఁ? "ఆవిడ నా కళ్ళ ముందే చూసింది కదా, మళ్ళీ నేనెందుకు చూడటం" అని అడిగేశావా? అక్కడే, అందరి ముందూ అడిగేశావా? నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే! సర్లే. ఆ మాట మీ అమ్మ దగ్గర మాత్రం అనకు. ఎందుకంటే... ఎందుకో చెప్తాను ఉండు, ఆ తలుపు దగ్గరికి వెయ్యి. వంటింట్లోనే ఉంది కదా అది?

ఆ వేలు పెట్టి చూడటం అనే పద్ధతి ఆ క్లబ్బులో మొదలుపెట్టిందే మా అక్క. నువ్వు చూడలేదులే, నువ్వు పుట్టకముందే పోయింది. మీ అమ్మకి మేనత్త. బట్టలు కుట్టేది. బస్టాండు వెనక సందులో ఒక్క గది కొట్టు, ముందు మిషను, వెనక ఇస్త్రీ బల్ల, మధ్యలో మనిషి అడ్డంగా నడవాల్సిందే. ఆ చేతులు ఎలాంటివనుకున్నావు? కళ్ళు మూసుకుని గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి "ఇది అసలు నూలు కాదు, కల్తీ ఉంది, తీసుకెళ్ళి వాడి ముఖాన కొట్టు" అనేది. బట్టల కొట్టు వాళ్ళకి మా అక్క పేరు చెప్తే హడల్. బావ పోయిన ఏడాది అనుకుంటా, క్లబ్బు వాళ్ళొచ్చి రైఫిల్ పేల్చేటప్పుడు వేసుకునే మందపాటి కోట్లు కుట్టమన్నారు. భుజం దగ్గర మెత్త, మోచేతి దగ్గర మెత్త. కొలతలు తీసుకోవడానికి వెళ్ళింది. అక్కడెవరో సరదాకి "అక్కా, మీరూ ఒకటి పేల్చండి" అన్నారట. పేల్చింది. అంతే, అలా వెళ్ళిన మనిషి ఇక తిరిగి రాలేదనుకో. నేను అడిగాను కూడా, ఏంటక్కా ఈ వయసులో నీకీ తుపాకుల పిచ్చి అని. "ఒరేయ్, ఇంట్లో మాట్లాడే మనిషి లేడు, కొట్లో మిషను చప్పుడు తప్ప ఇంకోటి లేదు. అక్కడ ఊపిరి బిగబట్టి నిలబడితే ఏ దిగులూ గుర్తురాదురా" అంది.

పేల్చడంలో గొప్పదేం కాదు, ఆ మాట ఆవిడే ఒప్పుకునేది. కానీ కొత్తవాళ్ళకి జాగ్రత్తలు నేర్పడం ఉంది చూడూ, అందులో ఆవిడ తర్వాతే ఎవరైనా. నేర్పేవాళ్ళకి జబ్బకి ఎర్ర పట్టీ ఉంటుంది కదా, అది కూడా ఆవిడే కుట్టుకుంది. చిన్నా పెద్దా లేదు, అందరికీ ఒకటే పాఠం. "ఎవరి మాటా నమ్మకు. నా మాట అసలే నమ్మకు. కళ్ళు కూడా అబద్ధం చెప్తాయి, వేలు చెప్పదు." ఎందుకలా అంటే, బోల్టుకి ఒక చిన్న కొక్కెం ఉంటుంది. బోల్టు వెనక్కి లాగినప్పుడు లోపలున్న తూటాని అదే పట్టుకుని బయటికి లాక్కొస్తుంది. ఆ కొక్కెం అరిగిందనుకో, బోల్టు వస్తుంది, తూటా రాదు. గొట్టం మొదట్లో ఉండే గూట్లోనే కూర్చుని ఉంటుంది. చూసేవాడికి బోల్టు తెరిచే ఉంది కాబట్టి ఖాళీగా ఉన్నట్టే అనిపిస్తుంది. అదే చిటికెన వేలు పెట్టి తడిమితే, ఖాళీ అయితే గుంట తగులుతుంది, తూటా ఉంటే నున్నగా బిళ్ళలా తగులుతుంది. అదీ లెక్క. క్లబ్బులో కుర్రాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. "అక్కా, నా పర్సులో వేలు పెట్టి చూడండి, ఖాళీ!" అని. ఆవిడ కూడా తక్కువ తిన్నదేం కాదు, "నీ బుర్రలో పెట్టి చూశాను, అదీ అంతే" అనేది. నవ్వేవాళ్ళు. కానీ పేల్చడానికి నిలబడే గీత దగ్గరికి వస్తే మాత్రం నవ్వు బంద్.

ఆ గీత దగ్గర తప్పు చేస్తే ఇంతే సంగతులు, మళ్ళీ గీత ఎక్కే మాటే లేదు. ఆ నియమం రాయించింది ఆవిడే. పళ్ళ డాక్టరొకాయన ఉండేవాడు, ఇప్పుడు మీరు కూర్చుంటున్న హాలుకి కప్పు వేయించింది ఆయనే. ఒకరోజు రైఫిల్ చేతిలో పట్టుకునే వెనక్కి తిరిగి, భార్యతో ఏదో జోకు వేశాడు. అక్క చెయ్యెత్తింది. "డాక్టరుగారూ, రైఫిల్ కింద పెట్టి గీత దిగండి. మళ్ళీ ఎక్కొద్దు." ఆయన ముఖం కందగడ్డ అయిపోయింది. "అందులో ఏమీ లేదమ్మా, ఖాళీదే!" "ఖాళీదని మీరంటున్నారు." ఆయన వేయించిన కప్పు కింది నుంచే ఆయన్ని బయటికి పంపించింది. క్లబ్బు పెద్దలంతా వచ్చి బతిమాలారు. కప్పు పీక్కెళ్ళమనండి, ఎండలో నేర్పుతాను అంది. నేనైతే ఆ రోజు తిట్టాను ఆవిడని, నలుగురితో మంచిగా ఉండటం చాతకాదా నీకు అని. నాకేంటి, ఆ క్లబ్బులో లైట్లూ మైకులూ బాగుచేసేవాణ్ణి, నాకు అందరూ కావాలి. వినిపించుకుంటేగా!

ఇక మీ అమ్మ. మీ అమ్మకి అప్పుడు కాలేజీ అయిపోయింది, ఇంట్లో ఖాళీగా ఉంది. అత్త వెనకాలే తోకలా తిరిగేది. అత్త ఎలా నడిస్తే అలా నడిచేది, అత్త ఎలా జడ ముడేసుకుంటే అలా వేసుకునేది. కన్నది మీ అమ్మమ్మే గానీ, అది వాళ్ళ అత్త కూతురే అనేవాళ్ళం. నీకు తెలియదు, మీ అమ్మ ఎంత బాగా పేల్చేదో. జిల్లా పోటీకి పంపిద్దాం అని అక్క చెప్పి పెట్టింది కూడా. ఆశ్చర్యపోతున్నావా? ఇంట్లో ఆ మాట ఎత్తదు కదా. ఎత్తదు. అదే చెప్తున్నా.

ఇంట్లో వాళ్ళందర్నీ క్లబ్బుకి పిలిచే రోజు ఒకటి ఉంటుంది, ఇప్పటికీ చేస్తున్నారా? ఆ రోజు. మైకు గరగరమంటోందని పొద్దున్నే నన్ను పిలిచారు. నేను పేల్చే రేంజ్‌కీ హాలుకీ మధ్యనున్న తలుపు పక్కన వైరు పట్టుకుని కూర్చున్నాను కాబట్టి అంతా నా కళ్ళ ముందే జరిగింది. ముందు గీత మీద కొంతమంది పేల్చి చూపిస్తారు. తర్వాత అందులోంచి ఒక రైఫిల్ హాల్లోకి తీసుకెళ్ళి, వచ్చినవాళ్ళ చేతికిచ్చి, ఎలా పట్టుకోవాలి, ట్రిగ్గర్ ఎలా నొక్కాలి అని చూపిస్తారు. ఖాళీదే కదా, అందరూ సరదాగా నొక్కేవాళ్ళు. హాల్లో మొదటి వరస మొదటి కుర్చీలో ఎవరు కూర్చున్నారనుకున్నావు? మీ అమ్మమ్మ. చెవులకి కొత్త కమ్మలు పెట్టుకుని మరీ వచ్చింది. గీత మీద పోస్టాఫీసులో పనిచేసే ఆయన రైఫిల్లో తూటా పెట్టుకున్నాడు. ఇంతలో గాలికి దూరంగా ఒక టార్గెట్ కాగితం ఊడి పడింది. "ఆపండి!" అని అరిచింది అక్క. ఆయన బుద్ధిగా బోల్టు వెనక్కి లాగేసి, రైఫిల్ బల్ల మీద పెట్టి వెనక్కి జరిగాడు. తూటా పక్కన పడిందనే అనుకున్నాడు పాపం. ఈలోగా టైమైపోయింది, హాల్లోకి రమ్మంటున్నారు. అక్క ఆ రైఫిలే తీసుకుంది. వేలు పెట్టింది. "ఖాళీ" అంది. మీ అమ్మ చేతికిచ్చింది.

మీ అమ్మ వేలు పెట్టింది. ఆగిపోయింది. తీసి మళ్ళీ పెట్టింది. అక్క తొందరపెట్టింది, "ఏంటే నాన్చుతున్నావు, లోపల జనం కూర్చున్నారు." మీ అమ్మ మెల్లగా అంది, "అత్తా... ఖాళీ కాదు." వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు కూడా, అక్క చూశాక ఇంకా ఖాళీ కాకపోవడమేంటి అని. నాకూ అలాగే అనిపించింది, పిల్ల కంగారు పడిందనుకున్నా. అక్క ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. "గట్టిగా చెప్పు" అంది. "అత్తా..." "నన్ను పిలవమనలేదు. నేర్పినట్టు చెప్పు." అప్పుడు అరిచింది మీ అమ్మ, హాలంతా వినపడేట్టు, "ఖాళీ కాదు!" అని. గొట్టంలోంచి సన్నటి కడ్డీ పెట్టి మెల్లగా తోశారు. తూటా వచ్చి అక్క అరచేతిలో పడింది. పేలని తూటా. హాల్లో మీ అమ్మమ్మ ఏమీ తెలియక నా వైపు చూసి చెయ్యి ఊపుతోంది. ఇప్పుడు చెప్తున్నా చూడు ఒళ్ళు ఎలా అయిందో.

అక్క జబ్బకున్న ఎర్ర పట్టీ విప్పి బల్ల మీద పెట్టి, గీత దిగి బయటికెళ్ళిపోయింది. సాయంత్రం పెద్దలంతా ఆఫీసు గదిలో కూర్చున్నారు. ఒక్కొక్కరూ ఒక్కో మాట. "కొక్కెం అరిగింది, రైఫిల్ పాతది, మీ తప్పేముందమ్మా." "ఎవరికీ ఏమీ కాలేదు కదా." "ఇది ఈ గదిలోనే ఉంచేద్దాం." నాకు ఒళ్ళు మండిపోయింది. ఏమీ కాలేదట! కుర్చీలో కూర్చున్నది వాళ్ళ భార్యలు కాదు మరి. కానీ అక్క ఉండాలనే ఉంది నాకు కూడా, ఎందుకంటే అది లేకపోతే ఆ మనిషికి ఇంకేం మిగల్లేదని నాకు తెలుసు. మింగలేక కక్కలేక కూర్చున్నా. చివరికి పళ్ళ డాక్టరు లేచాడు, గీత ఎక్కకపోయినా క్లబ్బు పెద్దల్లో ఆయనా ఒకడే. అందరం బిక్కచచ్చిపోయాం, ఇప్పుడు దొరికిందిరా అనుకుని కడిగేస్తాడని. ఆయనేమన్నాడో తెలుసా? "నన్ను తీసేసినప్పుడు చాలా కోపం వచ్చిందమ్మా, ఇప్పటికీ ఉంది. అయినా చెప్తున్నా, మీరు ఉండండి. మీరు లేకపోతే ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఆపరు." ఎంత పెద్ద మనసో చూడు. నేను ఆయన గురించి ఏవేవో అనుకున్నాను.

అప్పుడు అక్క జాకెట్టుకి గుచ్చుకున్న గుండుసూది తీసింది. కుట్టుపని మనిషి కదా, ఎప్పుడూ ఒకటి ఉండేది. తీసి చిటికెన వేలి కొసలో గుచ్చుకుంది. కొద్దిగా కాదే, దిగేదాకా. నెత్తురు వచ్చింది. ముఖంలో చిన్న మార్పు లేదు. కనురెప్ప కదల్లేదు. "షుగరు" అంది. "వేళ్ళు మొద్దుబారి చాలా రోజులైంది. కుడుతుంటే గుడ్డ మీద ఎర్రటి మరక కనపడేది, అప్పుడు తెలిసేది సూది గుచ్చుకుందని. చెప్పలేదు. చెప్తే ఇక్కడికి రానివ్వరని చెప్పలేదు. వేలు అబద్ధం చెప్పదని ఇంతమందికి నేర్పాను, నా వేలే అబద్ధం చెప్పింది." కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకుంటారు అంది, లేచి వచ్చేసింది. గుమ్మం బయట మీ అమ్మ నిలబడి ఉంది. అంతా వినేసింది.

అక్క మళ్ళీ ఆ క్లబ్బు గేటు దాటలేదు. మీ అమ్మా దాటలేదు. ఎంత చెప్పినా వినలేదు. అత్త స్వయంగా ఆ ఎర్ర పట్టీ తెచ్చి, ఇక నువ్వు నేర్పు అంటే, తీసుకోకుండా తలుపేసుకుని ఏడ్చింది. "నేను మెల్లగా అత్త చెవిలో చెప్పి ఉండాల్సింది నాన్నా, అందరి ముందూ అరిచాను" అని. "పిచ్చిదానా, నువ్వు అరవకపోతే ఆ మొదటి కుర్చీలో కూర్చున్న మీ అమ్మ ఉండేదా" అన్నాను దానితో. ఆ మాటకి ఇంకా ఏడ్చింది. న్యాయం ఎటుందో దానికి తెలుసే. తెలిస్తే బాధ పోతుందా ఏంటి? అత్తతో మాట్లాడేది, అన్నం పెట్టేది, అన్నీ చేసేది, కళ్ళలోకి మాత్రం చూసేది కాదు. కొట్టు కూడా మూసేసింది అక్క, సూది పట్టు దొరక్క. నిప్పులాంటి మనిషి, కిటికీ దగ్గర ఊరికే కూర్చునేది.

పోయేముందు రోజులు అవి. ఆస్పత్రిలో ఉంది. చూపు కూడా దాదాపు పోయింది. మీ అమ్మ మంచం పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది, రెండు చేతుల్తో, గట్టిగా. అక్కకి తెలియలేదు. వేళ్ళకి స్పర్శ లేదు కదా. కాసేపటికి అడిగింది, "ఏమే, ఉన్నావా? నా చెయ్యి పట్టుకున్నావా?" అని. మీ అమ్మ "పట్టుకున్నా అత్తా" అంది. నేను గుమ్మంలో ఉన్నా. "సరే అయితే" అంది అక్క. "నువ్వు చెప్తే చాలు. నేనింక చూసుకోనక్కర్లేదు."

...

లే, లేచి లైటు వెయ్యి. ఆ రేపటి క్లాసు ఎన్నింటికన్నావు?