పెరుగు సంగతీ, ఇంకో సంగతీ

సూర్యారావుపేటలో డాక్టరమ్మ గదిలోంచి కూతురు బయటికొచ్చేసరికి, బెంచీ మీద కూర్చున్న తల్లి చప్పున లేచింది.

"అన్నీ అడిగావా?"

"అడిగానమ్మా. కుట్లు, నొప్పి, ఆఫీసుకి సెలవు, అన్నీ."

"పెరుగు?"

"తినొచ్చట. ఈ ఆపరేషనుకి బాలింత పథ్యమేమీ అక్కర్లేదట."

"ఆవిడ అలాగే అంటుంది. శొంఠిపొడి కొట్టి ఉంచాను. నిన్ను కొడుకనుకున్నన్నాళ్లూ, నీకు పథ్యం వండే రోజొస్తుందనుకోలేదు."

కూతురికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"సరే, అసలుది అడిగావా?"

"అసలుదేంటి?"

"ఆపరేషనయ్యాక అక్కడ స్పర్శ ఉంటుందా, రేపు కాపురంలో సుఖం తెలుస్తుందా అని."

"అమ్మా, మెల్లగా! ఎవరైనా వింటారు."

"అడగలేదన్నమాట."

"ఈ ఆపరేషనుతో పూర్తిగా ఆడపిల్లనైతే చాలనుకున్నాను. అది కూడా కావాలంటే అత్యాశేమోనని ఊరుకున్నాను."

"నా పెళ్లప్పుడు నేనూ అలాగే ఊరుకున్నాను. ఆడదానికి ఆ గొడవెందుకన్నారు, నిజమే కాబోలనుకున్నాను. నువ్వు ఆడపిల్లవయ్యావు, సంతోషం. ఆ ఊరుకోవడం మాత్రం నా దగ్గర నేర్చుకోకు."

"లేదని చెబితేనో?"

"ముందే తెలుసుకుని ఆలోచించుకుంటావు. వెళ్లు."

కూతురు మళ్లీ లోపలికెళ్లింది. ఈసారి చాలాసేపటికి గానీ రాలేదు.

"ఏమంది?"

"నరాలు కాపాడుతూ చేస్తారటమ్మా. మొదట్లో మొద్దుబారినట్టుంటుందట, కొన్ని నెలలు ఓపిక పట్టాలట. గ్యారంటీ ఇవ్వలేనంది గానీ, చాలామందికి సుఖం తెలుస్తుందంది."

తల్లి కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఇంకేమంది?"

"ఇన్నాళ్లూ ఎందుకడగలేదంది."

"నువ్వేమన్నావు?"

"అమ్మ పోలికండీ అన్నాను."