టెస్టింగ్ ప్రసంగం

మంత్రిగారి సభకు జనం చేరుతున్నారు. వేదిక వెనక, మైకుసెట్టు దగ్గర మొగుడూ పెళ్ళాం.

"వైరు సరిగ్గా పట్టుకోవే. ఆయన గొంతు గరగరలాడితే నా పరువు పోతుంది."

"నీ పరువు సరే, రేపు పొద్దున మన కొంప పోతుంది. అది చూడు."

"పోదు. ఇవాళ సభలో చెప్తాడు."

"ఏమని?"

"కూల్చం అని."

"నీ చెవిలో చెప్పాడా?"

"చెప్పక్కర్లేదు. ఆయన సంగతి నాకు తెలుసు."

"తెలుసు, తెలుసు. నీ మాట నమ్మి వాడలో ఒక్కళ్ళూ సామాన్లు సర్దుకోలేదయ్యా. అందరూ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు, ఆయన ఏదో ఒలకబోస్తాడని. రేపు మిషన్లొస్తే వాళ్ళ మొహం ఎలా చూస్తావ్?"

"అప్పట్లో ఏమన్నాడు? మీ గోడ మీద గడ్డపార పడాలంటే ముందు నా వీపు మీద పడాలన్నాడా లేదా?"

"అప్పుడు వీపు ఖాళీగా ఉంది. ఇప్పుడు కుర్చీకి అతుక్కుంది."

"నోరు పారేసుకోకు."

"ఓట్లకొచ్చినప్పుడు 'మన వాడ'. గెలిచాక 'మీ వాడ'. మొన్న టీవీలో 'ఆ మురికివాడ'. మురికి మనం కొత్తగా పూసుకున్నామా?"

"పదవిలో ఉన్నోడు నాలుగు రకాలుగా మాట్లాడాలే. పైకి అలా అంటాడు. లోపల..."

"లోపలికి నువ్వు దూరి చూశావా? 'ఊరు అందంగా ఉండాలంటే కొందరు త్యాగం చెయ్యాలి' అన్నాడే, ఆ కొందరెవరు?"

"హారన్ స్పీకర్లు చూసుకోవాలి, జరుగు."

"ఎవరయ్యా ఆ కొందరు?"

"జరగవే! టెస్టింగ్ పెట్టు."

"హలో హలో అననా?"

"హలోతో ఏం తెలుస్తుంది? ఎప్పుడూ పెట్టేదే పెట్టు, ఆయన పాత ప్రసంగం. చివర్లో గొంతు చించుకుంటాడు, హారన్ పాడైతే అక్కడే బయటపడుతుంది."

"ఇవాళ? ఆయన సభలోనే?"

"ఆయన మాటలేగా! ఆయనకి తప్పా? పెట్టు."

"పెట్టా. నీ ఖర్మ."

"'...ఇళ్ళు కూలగొట్టే సర్కారుకి సిగ్గుండాలి! మిషన్లొస్తాయా? రానివ్వండి! గోడకో మనిషి నిలబడండి! చూద్దాం, ఎవడు కదిలిస్తాడో...'"

"అబ్బ! ఎంత ఖణీమంటోందో విన్నావా?"

"హారన్లు కాదు, చప్పట్లు విను. మన వాడోళ్ళు లేచి నిలబడ్డారయ్యా!"

"చెప్పలా? ఆయన మాటకి ఇంకా..."

"అన్నా! ఆపు! ఆపెయ్!"

"ఏంటయ్యా జెండాలోడా, ఎందుకలా రొప్పుతున్నావ్?"

"సారు కారు మలుపు దగ్గరే ఆగిపోయింది. అంతా విన్నారు."

"విన్నారా! సంతోషించారా?"

"సంతోషమా? చిందులు తొక్కుతున్నారు. 'ఎవడ్రా ఆ వెధవ, నా సభలోనే జనాన్ని రెచ్చగొడుతున్నాడు, ఈడ్చుకెళ్ళి లోపలెయ్యండి' అని పోలీసుల్ని పంపారు. చెప్పన్నా, ఎవడు వాడు?"

"అదేంటి... ఆయన గొంతు ఆయనకే..."

"చెప్పవయ్యా, పాపం అడుగుతున్నాడు."

"ఏమే."

"ఊఁ?"

"మొదట్నుంచి పెట్టు. సౌండు పెంచు."