చివరి చరణంలో పేరు

‘పచ్చిక మీద మంచు పడితే, నా గుర్రం... నా గుర్రం...’ ఏదో చేస్తుందమ్మా, తల విదిలిస్తుందో, కాలు దువ్వుతుందో. ఆ తర్వాత ‘కొండ దిగే దారి నీకెవరు చెప్పారు’ అని వస్తుంది. మధ్యలో ఒక ముక్క పోయింది నాకు. పదహారేళ్ళకి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు విన్న పాట, ఎక్కడని వెతకను? ఉండు, ఆపకు, పోనీ నూర్జాదా, నా మనవరాలా, అదిగో అదే! కాలే దువ్వుతుంది. కానీ అదేమిటే, మేకపిల్ల గొంతులా ఉంది? ఇంత గబగబా పరిగెత్తేది కాదు మా పాట. సరైన వేగం ఇదే అంటావా? కావచ్చు తల్లీ, నీ యంత్రం చదువుకున్నది. మేము మాత్రం పదిహేనేళ్ళు తప్పు వేగంలోనే విన్నాం, తప్పు వేగంలోనే కళ్ళు తుడుచుకున్నాం, ఏమీ కాలేదు మాకు.

అబ్బ, ఎంత విడ్డూరం! నల్ల పళ్ళెంలోంచి పాట బయల్దేరి, ఈ తీగలో పాకి, నీ ఒళ్ళో ఉన్న ఆ పెట్టెలో కూర్చుంటోంది. ఆకుపచ్చ గీతలు చూడు, మన కొండల వరుసలాగే ఉన్నాయి. ఆఁ, చివర్లో? అక్కడ కొండలు లేవు, ఉత్త గడ్డి మొలిచినట్టుంది కదూ. చెవికీ అంతే, గరగరా గరగరా. శుభ్రం చేస్తానంటావా? చేస్తే కిందనుంచి మాట బయటికొస్తుందా? రాదా. మరైతే ఎందుకులే, ఉండనీ. అక్కడున్న దాన్ని మా అత్తమ్మ తినేసింది. నవ్వకు, నిజమే చెబుతున్నా, సూదితో తవ్వుకుని తవ్వుకుని తినేసింది.

ఆ పాటల పెట్టె, అదే గ్రామఫోను, మీ ముత్తాతకి, అంటే మా మామగారికి, సమష్టి క్షేత్రం వాళ్ళిచ్చిన బహుమతి. ఆ ఏడాది ఆయన మందంత ఉన్ని ఎవరూ ఇవ్వలేదట. పెట్టెతో పాటు ఏడు రికార్డులు. ఏడూ ఇవే, ఇందాక నువ్వు ఆరు ఎక్కించావే, ఇది ఏడోది. తర్వాత యుద్ధమొచ్చింది, ఆయన వెళ్ళాడు, వెళ్ళినవాడు వెళ్ళినట్టే. ఆచూకీ లేదని కాగితం ఒకటి వచ్చింది. పెట్టె మిగిలింది. మీ తాతయ్యకి అప్పుడు ఆరేళ్ళు, లోపల పాడేది ఎవరో చూద్దామని కీ తిప్పీ తిప్పీ స్ప్రింగు తెంపాడు. బాగుచేయించాలంటే పట్నం పోవాలి, పట్నంలో బాగుచేసేవాడు కూడా యుద్ధానికే పోయాడు. మా అత్తమ్మ ఏం చేసింది? చూపుడువేలు రికార్డు మధ్యన, ఆ రంగు కాగితం ఉంటుంది చూడు, దానిమీద ఆనించి తనే తిప్పడం మొదలెట్టింది. ఇనుప సూదులు అయిపోతే ఏటి ఒడ్డు ముళ్ళపొదలోంచి ముళ్ళు కోసుకొచ్చి బిగించేది. ఆమెకి సంతోషంగా ఉంటే పాటగాడు పెళ్ళికి పోతున్నట్టు పాడేవాడు, కోపంగా ఉంటే పాపం వాడికి జ్వరం. నేనొచ్చిన కొత్తలో ఒకరోజు పాలు పొంగిపోనిచ్చాను, ఆ రోజు వాడు దూడని పోగొట్టుకున్న ఆవులా అరిచాడు!

ఆ కాగితం మీద ఏం రాసుండేది అంటావా. ఏముంది ఇప్పుడక్కడ, ఆమె వేలు ఎర్రరంగు కూడా మిగల్చలేదు. పాటగాడి పేరుండేది. నీ పెట్టె అడుగుతున్నది అదేగా? పేరు పెట్టకపోతే ‘ఏడో పాట’ అని తనే పెట్టేస్తుందా? వద్దు, అలా పెట్టనివ్వకు. మనిషి పాడాడే అది, గొర్రె చెవికి కొట్టే బిళ్ళా? చెప్పనా... ఎలా చెప్పనే? ఆ పాటగాడి పేరూ, మా మామగారి పేరూ ఒకటే.

నీకిది వింతగా ఉంటుంది, మీ కాలంలో కోడళ్ళు మామగారిని పేరుపెట్టి పిలిచి టీ ఇవ్వమనేట్టున్నారు. మాకు అత్తింటి పెద్దవాళ్ళ పేర్లు నోట రాకూడదు. ఆ పేరున్న వస్తువునీ అనకూడదు. మా పెద్ద బావగారి పేరు ఏమిటంటే, కట్టెలు నరికేది ఉంటుంది చూడు... ఆఁ, అదే, నువ్వన్నావు కదా, నేననలేదు. ఒకసారి మాది విరిగిపోయి పొరుగింటి సలియా దగ్గరికి పోయాను. ‘వదినా, కట్టెని రెండు చేసేది ఒకసారి ఇవ్వవా’ అన్నాను. రంపం తెచ్చింది. ‘ఇది కాదు వదినా, ఎత్తి కొట్టేది’ అన్నాను. సుత్తి తెచ్చింది. ‘తల ఇనుము, ఒళ్ళు కర్ర’ అన్నాను. ‘మా ఆయనా?’ అని అడిగింది, ముండ, అన్నీ తెలిసే ఆడిస్తోంది! అప్పటికి వాళ్ళ గుమ్మంలో నలుగురాడవాళ్ళు పోగై కడుపులు పట్టుకున్నారు. అలాంటి నోరమ్మా ఇది. అరవై ఏళ్ళ అలవాటు. మీ తాతయ్య పేరు మాత్రం ఎప్పుడన్నా విన్నావా నా నోట? ‘ఇదిగో’ అంటే పలికేవాడు పాపం.

ఎక్కడున్నాం? ఆఁ, గరగర. నేనొచ్చిన మొదటి వేసవి, మేతకి కొండమీద ఉన్నాం. నేను ఊట దగ్గరనుంచి నీళ్ళు తెస్తున్నాను, రెండు చేతులా రెండు బకెట్లు. మా గుడారంలోంచి మామగారి పేరు గట్టిగా, సాగదీసి, కొండంతా వినబడేట్టు! బకెట్లు రెండూ వదిలేసి చెవులు మూసుకున్నాను. ఎవరో తాగి వచ్చారనుకున్నా. తొంగి చూస్తే అత్తమ్మ ఒక్కతే, పెట్టె ముందు కూర్చుని వేలు మెల్లిగా, మెల్లిగా తిప్పుతోంది. మన పాటగాళ్ళు చివరి చరణంలో తమ పేరు చెప్పుకుంటారు కదా, పాట ఫలానావాడిదని జనం మర్చిపోకుండా. అక్కడికి రాగానే వేలు నెమ్మదించేది. మళ్ళీ ముల్లెత్తి వెనక్కి పెట్టేది, మళ్ళీ పేరు. మొదటి చరణాలతో పనే లేదు. నన్ను చూసి ఏమందో తెలుసా? ‘ఏమిటలా గుడ్లు మిటకరిస్తావ్? నేనన్నానా? నా నోరు మూసుకునే ఉంది. పెట్టె అంది.’ ఆ వెంటనే, ‘నీళ్ళేవీ?’ అంది.

ఆమె కూడా ఆయన పేరు ఎన్నడూ అనలేదు కదమ్మా. భార్య అనకూడదాయె. ఆయనా లేకపాయె. ఊళ్ళో పిలిచే మగవాళ్ళు సగంమంది ఆయనతోనే పోయారు. ఇక ఆ పేరు పలికేది ఈ పెట్టె ఒక్కటే. అది నాకు వెంటనే అర్థమైందనుకోకు, పాట మీద పిచ్చి అనుకునేదాన్ని. ముప్పై దాటాక, బురుల్చా అని ఒక టీచరమ్మ గుర్రపు పాలు తాగి ఒళ్ళు బాగుచేసుకోవడానికి మా మేత కొండకి వచ్చింది. ఊరికే కూర్చోలేక నాకు అక్షరాలు నేర్పింది. అత్తమ్మ ఒకటే ఎత్తిపొడుపు. ‘నేర్చుకో నేర్చుకో, గొర్రెలు నీకు ఉత్తరాలు రాస్తాయి.’ పుస్తకం ఏదీ మాకు? రికార్డుల మీది కాగితాలే నా పుస్తకం. ఆరూ కూడబలుక్కుని చదివాను. ఏడోది చేతిలోకి తీసుకుని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. అప్పటికింకా అరిగిపోలేదది, అక్షరాలు లేతగా ఉన్నాయి. ‘ఆగావేం?’ అంది టీచరమ్మ. ‘ఇది చదివేది కాదు’ అన్నాను. గుమ్మం దగ్గర ఉన్ని దువ్వుతున్న అత్తమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు రొట్టెలో నా ముక్క మీద మీగడ ఎక్కువ పడింది, అంతే.

సరే, ఇటివ్వు ఆ అక్షరాల పలక. అవును, నేనే కొడతా. నోటికి కట్టుంది కానీ వేలికి ఎవరు కట్టు పెట్టారు? నువ్వు చూడకు... సరే చూడు, చూస్తే చదువుతావు, చదివితే పైకి అను, అనడానికి నీకేం అడ్డు, కూతురి కూతురివి. నేనూ పోయాక అనేవాళ్ళు లేకపోతే ఎలా? మొదటిదెక్కడుందే? ఆఁ. రెండోది... ఇవి వరసలో ఎందుకుండవు, ఎవడు పేర్చాడో! మూడోది. ఉండు, తొందరపెట్టకు. నాలుగు. ఐదు. అయిపోయింది. తప్పు లేదుగా? ఉండదులే, ఇదివరకొకసారి రాశాను దీన్ని.

అత్తమ్మ మంచాన పడ్డ వసంతం అది. పెట్టె పక్కన పెట్టించుకుంది. తిప్పింది. గుర్రం దాటింది, కొండ దాటింది, చివరి చరణం రాగానే గరగర. ‘ముల్లు మార్చు’ అంది. మార్చాను. గరగర. ‘ఇంకోటి పెట్టు, ఇది మొద్దు.’ ‘చెక్కి పెట్టానత్తమ్మా.’ ‘నీ చెక్కుడు ఎవడిక్కావాలి, పెద్దది పెట్టు.’ ఎనిమిది ముళ్ళు విరిగాయి. అక్కడేం లేదు, అరిగిపోయింది, తను వింటూ వింటూ అరగదీసింది. వేలు తీసేసి నా వైపు చూసింది. అను అని అడగలేదు, అడిగే మనిషి కాదు, చూసిందంతే. నా గొంతు దాకా వచ్చిందమ్మా ఆ పేరు. రాలేదు పైకి. మర్నాడు సలియా వాళ్ళింట పెళ్ళి, నేను బోర్సోకులకి, నూనెలో వేయించే పిండిముక్కలకి, పిండి కలుపుతున్నాను, పీట నిండా పిండి పరిచి ఉంది. పీటని అలాగే ఎత్తుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టాను. వేలితో రాశాను. ‘ఏమిటిది, కోడిపిల్ల నడిచిందా?’ అంది. ‘మామగారు, అత్తమ్మా’ అన్నాను.

ఒక్కొక్క అక్షరం మీదా వేలు పోనిచ్చింది, తగలకుండా, పైపైన, గాలిలోనే. ఈ చివరినుంచి ఆ చివరికి. మళ్ళీ ఆ చివరినుంచి ఈ చివరికి. మర్నాడు నేను పెళ్ళింట్లో బోర్సోకులు ఇచ్చి వచ్చేసరికి ఆమె లేదు, కాబట్టి నాతో అన్న ఆఖరి మాట ఇదే అయింది. పీట నా వైపు తిప్పి, నేనేదో మోసం చేసినట్టు ముఖం పెట్టి అంది. ‘ఇంతేనా? ఇంత పొట్టి పేరా ఆయనది! వంగితే గానీ మన గుమ్మంలో పట్టేవాడు కాదే!’