గుర్తు లేని తప్పు పుట్టగూడదు

జమ్మలమడుగులో కమాల్ బాషా టీ అంగడి. బెంచీ మీద కాలు మీద కాలేసుకోని అక్రమ్ గొప్పలు మొదలుపెట్టినాడు. ఇంట్లో కూచోనే బెంగళూరు కంపెనీకి ప్రోగ్రాములు రాస్తాడు. గొర్రెల టీకాల లెక్క రాసుకునే యాప్ ఆ కంపెనీదే.

"టైప్‌స్క్రిప్ట్‌లో నేనొక క్లాసు రాసినా కమాల్ భాయ్. క్లాసంటే బడిలోది గాదు, ఇటికెల అచ్చు మాదిరి. యాప్‌లో ఏ తప్పు జరిగినా నా అచ్చులోంచే బయటికి రావల్ల. ప్రతి తప్పుకూ ఒక గుర్తు. ముందర ఇంగ్లీషు పెద్దక్షరాలు, నడుమ గీత, ఎనక నాలుగంకెలు. అట్ల లేకుంటే ఆ తప్పును పుట్టనీను!"

"తప్పు జరగల్లన్నా నీ పర్మిషన్ గావల్లనా?" కమాల్ బాషా కండ్లు చిట్లించినాడు.

"మరేమనుకున్యావ్! ఒగనాడు గుర్తు లేని తప్పొకటి దొంగమాదిరి దూరబోయె. నా క్లాసు గల్లా పట్టుకోని 'నీ గుర్తేంది?' అనె. అది బెదిరిపోయి, తనంతట తానే సరైపోయె! ఆ తర్వాత ఏమైందో తెల్సునా? ఈ సంగతి పాకి బెంగళూరులో తప్పులే బందయినాయి. తప్పులు దిద్దేటోళ్లంతా గోళ్లు గిల్లుకుంటాండారు. అంతటితో ఆగిందా? సింహాద్రిపురం కాడ తోడేలొకటి గొర్రెల చెవులకేసే నంబరు బిళ్ల తగిలించుకోని మందలోకి దూరె. కాపరి ఫోను సూపిస్తానే నా క్లాసు ఒకే అరుపు, 'ఇది గొర్రె గాదు!' అని. తోడేలు గండి గుడి దాకా పరిగెత్తి, ఆంజనేయస్వామి ముందర మాంసం మానేస్తానని మొక్కుకున్యాది!"

"తోడేలుకు బిళ్ల ఎవురేసినారప్పా?" బెంచీ చివర్లో కూచున్న గొర్రెల సంజీవయ్య అడిగినాడు.

"అదే గదా మామా, ఎవురికీ అంతుపట్టల్యా!"

సంజీవయ్య గ్లాసు కింద పెట్టినాడు. "ఆ యాప్ నువ్వే రాసినావా? నిజంగా?"

"నేను గాక ఇంకెవురు మామా? మొదట్నుంచి చివరిదాకా నాదే!"

"అయితే లెయ్యి. పొద్దున్నుంచి నా మంద టీకాల కాడ ఎండలో నిలబడుండాది. బిళ్ల నంబరు కొడితే ఫోను తెల్లమొగం ఏస్తాంది. తప్పేందో సెప్పదు, టీకా ఎయ్యనియ్యదు. డాక్టరమ్మ కంపెనీకి ఫోన్ చేస్తే ఏమన్యారో తెల్సునా? లోపల జరిగిన తప్పుకు గుర్తు సరిగ్గా లేదంట. అందుకని ఎవుడో రాసిన క్లాసు దాన్ని బయటికే రానియ్యలేదంట. పక్కూర్లో గొర్రెలు రోగమొచ్చి పడిపోతాండాయి."

అక్రమ్ కాలు మీంచి కాలు దించినాడు.

"అదీ... శానామంది రాసినారు మామా. నాది చిన్న ముక్కే."

"ఆ ముక్కే కావల్ల. పా."

"ల్యాప్‌టాప్ ఇంట్లో ఉండాది."

"తెచ్చుకుందువు. నేనూ నీ ఎంటనే వస్తా," సంజీవయ్య వాని రెట్ట పట్టుకున్నాడు. "దోవలో యాడన్నా తప్పిపోతావేమో!"